గంజి వార్చిన అన్నం

పిల్ల ఏడుస్తోంది. నోరు పూర్తిగా తెరుచుకుంది. కంటి కొనల్లో నీళ్లున్నాయి. పిడికిళ్లు బిగుసుకున్నాయి. శబ్దం మాత్రం లేదు.

మోటరు వెయ్యడానికి గది కిటికీ పక్కనున్న స్విచ్ దగ్గరికి వచ్చిన మట్టయ్య, దాని మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. ట్యాంకు ఖాళీ అయిందని మూడో అంతస్తు వాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. ఇట్లాంటి ఏడుపు అతను ఇంతకుముందు ఒకసారి చూశాడు. ఏడాదిన్నర కింద, ఇదే గదిలో, ఇదే ఉయ్యాలలో. అప్పుడు మగపిల్లవాడు. రెండు నెలల ఇరవై రోజులు బతికాడు.

ఈ పిల్లకు మొన్న సోమవారంతో రెండు నెలలు నిండాయి. ఇంకా పేరు లేదు. పోయినసారి ఇరవై ఒకటో రోజున పేరు పెట్టి, నలుగురికీ భోజనాలు పెట్టి, మూడు నెలలు తిరగకుండానే పూడ్చి వచ్చారు. ఈసారి ఎవరూ పేరు మాట ఎత్తడం లేదు.

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి లోపలికి పోయే గల్లీలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ అది. పార్కింగ్ మూలన, మెట్ల కింది జాగా కలుపుకుని వాచ్‌మన్‌కు ఒక గది. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ మట్టయ్య అక్కడ హమాలీ. మార్కెట్ ఊరవతలికి పోయాక రోజూ అంత దూరం పోలేక ఈ గేటు పక్కన కుర్చీ వేసుకున్నాడు. భార్య అండాలమ్మ మెట్లు తుడుస్తుంది. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి పాతికేళ్లయింది. ఒక్కతే కూతురు జ్యోతికను పెద్ద అంబర్‌పేట్‌లో డీసీఎం వ్యాను నడిపే మహిపాల్‌కు ఇచ్చారు. కాన్పులు పుట్టింటి బాధ్యత కనుక రెండుసార్లూ దవాఖాన నుంచి బాలింతను ఈ గదికే తెచ్చుకున్నారు.

బాలింత గదిలో మగవాడికి పనిలేదు. మట్టయ్య తిండి పార్కింగ్‌లో, పడక లిఫ్టు పక్కన. కానీ చూపుకు అడ్డం ఎవరు? అతను మాట తక్కువ మనిషి. నోరు తెరవని వాడికి కళ్లు ఎక్కువ పనిచేస్తాయి.

అండాలమ్మ ఈసారి పథ్యం గట్టిగా పెట్టింది. బాలింత కోసం కొట్టు నుంచి వేరే సంచి తెప్పించింది. మల్లెమొగ్గల్లాంటి సన్న బియ్యం. ముట్టుకుంటే చేతికి ధూళి కూడా అంటదు. వాటిని నీళ్లు తేటపడేదాకా ఐదుసార్లు కడుగుతుంది. ఉడికించి గంజి మొత్తం వార్చేస్తుంది. పొడిపొడిగా వచ్చిన అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి ఒక చుక్క. పొద్దున అదే, సాయంత్రం అదే. పప్పు వాతం. కూరగాయలు చలువ. గుడ్డు తింటే చీము. పండు తింటే పిల్లకు జలుబు. మొదటి కాన్పులో రెండు నెలలు దాటాక జ్యోతిక కారం మింగలేక ఏడిస్తే, మనసు ఆగక రెండు గంటెల పప్పుచారు పోసింది. మూడో రోజుకే పిల్లవాడు పడిపోయాడు. అప్పటి నుంచి ఆ రెండు గంటెలే మనవడిని మింగాయని అండాలమ్మ నమ్మకం. అందుకే ఈసారి పప్పు గిన్నెను బాలింత కంట కూడా పడనివ్వలేదు.

ఈ స్థలం ఒకప్పుడు ఎవరి పొలమో ఆ ఇంటి పెద్దావిడ శివమ్మ మొదటి అంతస్తులో ఉంటుంది. ఆమె దిగి వచ్చినప్పుడల్లా మెచ్చుకునేది. "గట్లనే ఉండాలె పథ్యం. నేను ఆర్నెల్లు కారమన్నమే తిన్న. ముగ్గురు కొడుకులు. చూస్తలేవా, ఒక్కొక్కడు లిఫ్టుల వట్టడు."

అండాలమ్మ నవ్వేది. వార్చిన గంజిలో ఉప్పు వేసి మట్టయ్యకు గ్లాసు అందించేది. "తాగు. బాలింత పేరు చెప్పి నువ్వు నిగనిగలాడుతున్నవ్."

మొగుడూ పెళ్లాలు తినేది రేషన్ షాపులో ఇచ్చే కంట్రోలు దొడ్డు బియ్యం. వాటిలోకి తోటకూరో, పప్పో, ఏది దొరికితే అది.

నాలుగు రోజుల కింద జ్యోతిక ఉతికిన బట్టలు ఆరెయ్యడానికి బయటికి వచ్చింది. గోడ పట్టుకుని నడిచింది. సగం దారిలో ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. ఆమె ఆగలేదు. ఎండకు కాలిన సిమెంటు మీద ఉత్త పాదంతోనే పోయి బట్టలు ఆరేసి తిరిగి వచ్చింది. ఊడిన సంగతి ఆమెకు తెలియలేదు. కుర్చీలో కూర్చున్న మట్టయ్య చూశాడు. లేచి చెప్పు తీసి గుమ్మం పక్కన పెట్టాడు. ఆడవాళ్ల సంగతి అనుకున్నాడు.

ఇప్పుడు కిటికీలోంచి ఆ నోరు చూస్తున్నాడు.

స్విచ్ వెయ్యకుండానే గదిలోకి పోయాడు.

"జ్యోతీ, పిల్ల గొంతు ఎప్పటి సంది పోయింది?"

"నిన్న పొద్దుగాల్నుంచి నాయినా. పాలు వట్టుకుంటలేదు. తాగినంత కక్కుతుంది."

పిల్ల ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. పెదవుల చుట్టూ నేరేడు పండు మరక లాంటి రంగు.

అండాలమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. "నువ్వెందుకొచ్చినవ్ లోపటికి? దిష్టి అది. అబ్దుల్లాపూర్‌మెట్ల అంతయ్య తాయెత్తు కడ్తడు. అల్లునికి ఫోన్ చేసిన. సూర్యాపేట కాడ ఉన్నడట. రాంగనే తీస్కపోతడు."

"అప్పటిదాంక పిల్ల ఉండదు. పట్టాభి సారు కాడికి పోదాం."

"గాయన కాడికా?" అండాలమ్మ గొంతు లేచింది. "పోయినసారి చిట్టీ రాసి పెద్ద దవాఖానకు పంపింది గాయనే గద. గాజు పెట్టెల వెట్టి, పైపులు గుచ్చి, మూడో నాడు మూట కట్టి ఇచ్చిండ్రు. మళ్ల గా దర్వాజ తొక్కాలె? నీకు సిగ్గు లేదా?"

"మనం తీస్కపోయేసరికే వాడు సగం సచ్చిండు. మూడు దినాలు సూస్కుంట కూసున్నం. నేను సూసిన. నోరు తెర్వలే." మట్టయ్య చేతులు చాపాడు. "పిల్లనియ్యి."

జ్యోతిక తల్లి ముఖం చూసింది, తండ్రి చేతులు చూసింది. పిల్లను తండ్రికి ఇచ్చేసింది.

ఆటోలో అండాలమ్మ ఒక మూలకు జరిగింది. కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది.

డాక్టరు పట్టాభి కృష్ణా జిల్లా మనిషి. ముప్పై ఏళ్లుగా కొత్తపేటలో అదే రెండు గదుల క్లినిక్. పిల్లల డాక్టరే అయినా మార్కెట్ ఉన్నప్పుడు హమాలీలు నడుం పట్టేసినా ఆయన దగ్గరికే పోయేవారు. తిట్టేవాడు, మందు ఇచ్చేవాడు. ఇప్పుడు బెంచీలు సగం ఖాళీ.

నర్సు యాదలక్ష్మి పిల్లను చూడగానే వరుస దాటించి లోపలికి పంపింది. పట్టాభి స్టెతస్కోపు అందుకోబోయి ఆగాడు. తెరుచుకున్న ఆ నోటి వైపు, శబ్దం లేని ఆ ఏడుపు వైపు కాసేపు చూశాడు. తర్వాత గుండె విన్నాడు. కడుపు మీద వేళ్లు ఆనించి కాలేయం ఎంత దిగిందో చూశాడు. ఆ తర్వాత జ్యోతిక వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా నేల మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లే."

జ్యోతిక కూర్చుంది. లేవలేకపోయింది. రెండోసారి బల్ల కాలు పట్టుకుని లేచింది. సిగ్గుతో నవ్వబోయి మానేసింది.

"అరికాళ్లు మంటలా? తిమ్మిరిగా ఉంటాయా?"

"మొద్దుబారినట్టు ఉంటయ్ సారూ. నడుస్తుంటే బొంతల మీద నడిచినట్టు."

ఆయన ఆమె కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. పడిన గుంట అట్లాగే ఉంది. "ఏం తింటున్నావు నువ్వు?"

దానికి అండాలమ్మ జవాబు చెప్పింది. ఆమె కోపం కాసేపు పక్కకు జరిగింది. "మంచి పథ్యమే సారూ. ఒక్క పూట తప్పలే. ఒకటో నంబరు సన్న బియ్యం. ఐదు నీళ్లు కడుగుత. గంజి సుక్క ఉండకుండ వారుస్త. ఎల్లిగడ్డ కారం, ఇంత నెయ్యి. పప్పు లేదు, కూర లేదు, ఏం లేదు."

"మీరిద్దరూ ఏం తింటారు?"

"మాకేముంది సారూ. కంట్రోలు బియ్యం, ఆకుకూర."

"ఆ వార్చిన గంజి ఏం చేస్తారు?"

"గాయన తాగుతడు. ఉప్పేస్కొని."

పట్టాభి మట్టయ్యను చూశాడు. ఆ చూపులో నింద లేదు. మట్టయ్యకు మాత్రం నాలుక మీద ఉప్పు తగిలినట్టయింది.

"యాదలక్ష్మీ, థయమిన్ ఇంజక్షన్ కింద షాపులో ఉంటుంది. పరిగెత్తు."

ఆమె పోయి వచ్చేలోపు ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, చేతులు దూది, సూది సర్దుతున్నాయి. "దీన్ని బెరిబెరి అంటారు. తిండి జబ్బు. బియ్యం పైపొరలో బి-వన్ అని ఒక విటమిన్ ఉంటుంది. పాలిష్ పడితే చాలావరకు పోతుంది. కడిగితే కొంత పోతుంది. మిగిలిన కాస్తా గంజితో పోతుంది. తల్లి ఒంట్లోనే లేదు, పాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడ పిల్ల గుండె వాచింది. గొంతు నరం పడిపోయింది. దీనికి ఇదొక్కటే మందు. నేను పొరపాటు పడినా ఈ ఇంజక్షన్‌తో నష్టం లేదు. ఆలస్యం చేస్తే మాత్రం ఉంది."

"మా అవ్వ నాకు గూడ గిదే పథ్యం పెట్టింది సారూ," అంది అండాలమ్మ. గొంతు మెత్తబడింది. "నాకేం గాలేదు. నా బిడ్డకేం గాలేదు."

"మీ అవ్వ ఏ బియ్యం పెట్టిందమ్మా?"

అండాలమ్మకు తన తల్లి వండిన అన్నం గుర్తొచ్చింది. ఇంట్లో రోకలితో దంచిన బియ్యం. ఎర్రగా ఉండేవి. దంచింది ఆమె చిన్నమ్మ.

సూది తొడలోకి దిగింది. పిల్ల నోరు మళ్లీ తెరుచుకుంది. మళ్లీ ఏ శబ్దమూ రాలేదు.

ఆక్సిజన్ కావాలని పట్టాభి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పిల్లల దవాఖానకు ఫోన్ చేశాడు. క్లినిక్‌కు తాళం వేయించి తానే వాళ్ల ఆటో ఎక్కాడు. మెట్రో స్తంభాల కింద బండ్లు కదలడం లేదు. మట్టయ్య పిల్ల పక్కటెముకల కింది గుంటనే చూస్తూ కూర్చున్నాడు. పడుతోంది, లేస్తోంది. పడుతోంది, లేస్తోంది. అది పడడం ఆగిపోతే బాగైనట్టో, పోయినట్టో తనకు ఎట్లా తెలుస్తుందని భయపడ్డాడు.

దవాఖానలో డ్యూటీ డాక్టరు రోహిణి చిన్న వయసు మనిషి. పట్టాభి రాసిన చీటీ రెండుసార్లు చదివింది. "ఊపిరి ఇలాగే ఉంటే మిషన్ మీద పెట్టాలి సర్," అంది. "పెట్టండి. కానీ ఈ ఇంజక్షన్ మాత్రం ఆపకండి," అన్నాడాయన. గాజు తలుపు మూసుకుంది.

పన్నెండు దాటింది. ఒంటి గంట దాటింది. లోపలి నుంచి కబురు లేదు. అండాలమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. పోయినసారి కూర్చున్నట్టే ఉందని మట్టయ్య గమనించాడు. అప్పుడు కూడా ఆమె ఎడమ మోకాలే పైకి పెట్టుకుంది.

మూడున్నరకు రోహిణి బయటికి వచ్చి, ఇంకా అక్కడే ఉన్న పట్టాభికి చెప్పింది. "మిషన్ అవసరం పడలేదు. ఊపిరి నిమిషానికి ఎనభై ఉండింది, యాభైకి దిగింది. రంగు తిరుగుతోంది." ఆమె ముఖంలో ఆశ్చర్యం దాగలేదు. "ఇలాంటిది పుస్తకంలో చదవడమే సర్."

మహిపాల్ అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. చొక్కా నిండా డీజిల్ వాసన. అత్తను, భార్యను దాటి నేరుగా మట్టయ్య దగ్గరికి వచ్చాడు.

"మామా, ఉందా?"

"ఉంది."

మహిపాల్ మెట్టు మీద కూలబడి రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. జ్యోతిక అతని పక్కన కూర్చుంది, గోడ పట్టుకుని.

పట్టాభి వెళ్లబోతుంటే మట్టయ్య వెంట నడిచాడు. వరండా చివరిదాకా నడిచి అడిగాడు.

"సారూ. ఆ పిల్లగానికి గూడ గిదేనా?"

డాక్టరు ఆగాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. 

"అయ్యుండొచ్చు, మట్టయ్యా."

"సరిగ చెప్పుండ్రి."

"అదే. ఆ రోజు వాడి గొంతు కూడా పోయే ఉంది. నేను విన్నాను. విన్నానంటే, వినపడలేదని గమనించాను. దగ్గు ఎన్నాళ్ల నుంచి అని అడిగాను, జ్వరం ఎంత అని అడిగాను. న్యుమోనియా అని రాసి పంపాను. తల్లి ఏం తింటోందని అడగలేదు. మొన్న వరంగల్ దిక్కు నుంచి వచ్చిన ఇలాంటి పిల్లలో ఈ జబ్బును ఇంకో డాక్టరు పట్టుకున్నాడని విన్నాక, వారం రోజులు నాకు నిద్ర లేదు. మీ వాడే గుర్తొచ్చాడు." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఒక్క ఇంజక్షన్‌తో జబ్బు పోయేది."

వెనక ఏదో చప్పుడైతే మట్టయ్య తిరిగి చూశాడు. అండాలమ్మ నిలబడి ఉంది. మంచినీళ్ల సీసా ఆమె చేతిలోంచి జారి నేల మీద దొర్లుతోంది. ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు.

"రెండు గంటెల పప్పుచారు గాదా సారూ?" అని అడిగింది.

"కాదమ్మా," అన్నాడు పట్టాభి. వంగి సీసా తీసి ఆమె చేతికి ఇచ్చాడు.

ఆరో రోజు పిల్లను ఇంటికి పంపారు. చీటీ మీద పేరు దగ్గర 'బేబీ ఆఫ్ జ్యోతిక' అని ఉంది. తల్లికి మాత్రలు రాశారు. తిండి జాబితా ఇచ్చారు. గంజి వార్చని దొడ్డన్నం, పప్పు, గుడ్డు, పల్లీలు, ఆకుకూర. అండాలమ్మ అన్నీ వండింది. ఒక్కటి కూడా తప్పలేదు.  మట్టయ్య గంజి తాగే గ్లాసును కడిగి అటక మీద బోర్లించింది.

పద్దెనిమిదో రోజు పొద్దున పిల్ల గొంతు వచ్చింది. మొదట నూనె లేని గేటు కీలు చప్పుడు. తర్వాత దానికంటే కొంచెం గట్టిగా. జ్యోతిక ఏడుస్తూ నవ్వుతూ కిటికీలోంచి తండ్రిని పిలిచింది. రెండో అంతస్తు మెట్లు తుడుస్తున్న అండాలమ్మ గబగబా దిగి వచ్చింది. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆ శబ్దం విన్నది. లోపలికి పోలేదు. వెనక్కి తిరిగి బకెట్ దగ్గరికి పోయింది.

మూడో నెల దాటాక పిల్లకు అమల అని పేరు పెట్టారు. ఎవరినీ పిలవలేదు. నాలుగో నెలలో మహిపాల్ వచ్చి తల్లినీ పిల్లనూ తీసుకుపోయాడు. జ్యోతిక గోడ పట్టుకోకుండా నడిచి ఆటో ఎక్కింది.

గది మళ్లీ ఇద్దరిదయింది. సన్న బియ్యం సంచి మాత్రం మూలన సగానికి మిగిలే ఉంది.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం మట్టయ్య చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాడు. మోరీ అంచున తెల్లగా, జిగటగా మరక ఉంది. గంజి పారబోసిన మరక. అతను గదిలోకి తొంగి చూశాడు. అండాలమ్మ గోడ వైపు తిరిగి కూర్చుని తింటోంది. కంచంలో పొడిపొడిగా తెల్లటి అన్నం, మీద ఎర్రటి కారం. ఇంకేమీ లేదు. తనకు పొద్దున ఆమె వడ్డించింది దొడ్డన్నం, గోంగూర పప్పు. మూలనున్న సంచి అడుగంటింది.

ఆ రోజు అతను ఏమీ అనలేదు. అలవాటు.

మర్నాడు పొద్దున మోటరు వేసి తిరిగి చూసేసరికి అండాలమ్మ బకెట్‌తో మెట్లు దిగి వస్తోంది. మెట్ల కమ్మీలు పట్టుకుని దిగుతోంది. కుడి పాదానికి చెప్పు ఉంది. ఎడమ పాదం ఉత్తది.

మట్టయ్య మెట్లెక్కాడు. చెప్పు రెండో అంతస్తు మలుపులో ఉంది. తీసుకుని వచ్చి, కింది మెట్టు మీద కూర్చున్న ఆమె ముందు పెట్టాడు. గుమ్మం పక్కన పెట్టలేదు.

"అండాలూ. నీ కాలు సూస్కో."

ఆమె చూసుకుంది. చెప్పు వైపు, పాదం వైపు, మళ్లీ చెప్పు వైపు.

"నాకేం గాలే. జారింది."

"జ్యోతికి గూడ గిట్లనే జారింది. నేను తీసి దర్వాజ కాడ వెట్టి ఊకున్న. నాలుగు దినాలు ఊకున్న."

అండాలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుచుకుంటూనే ఉంది. "ఐదు నీళ్లు కడిగిన," అంది. "తెల్లగ ఉండాలని. నా చేతులతోని కడిగి కడిగి..."

"గంజి నేను తాగిన."

ఆ మాటకు ఆమె తల ఎత్తింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో అతను అట్లా మాట మధ్యలో అందుకోవడం ఆమె ఎరగదు.

మట్టయ్య లేచి గదిలోకి పోయాడు. సన్న బియ్యం సంచి మూతి ముడి వేసి బయటికి విసిరాడు. పొయ్యి వెలిగించి దొడ్డు బియ్యం పెట్టాడు. నీళ్లు ఎన్ని పొయ్యాలో తెలియదు. వార్చే పని లేకుండా ఉంటే చాలనుకున్నాడు. అన్నం ముద్దయింది. నిన్నటి పప్పు దాని మీద పోసి, కంచం తెచ్చి, మెట్టు మీద ఆమె పక్కన పెట్టి తానూ కూర్చున్నాడు.

"నాకొద్దు."

"నువ్వు తినేదాంక నేను లేవ. రేపు సారు కాడికి పోతున్నం. సూది ఏయించుకుంటవ్."

"నేను బతికి ఏం జెయ్యాలె?"

అతను కంచం ఆమె వైపు ఇంకొంచెం జరిపి అట్లాగే కూర్చున్నాడు. శివమ్మ లిఫ్టు దిగి వాళ్లను చూసి, ఏదో అనబోయి, కంచం చూసి, గేటు దాటి పోయింది.

పైన ట్యాంకు నిండింది. నీళ్లు గోడ వెంట కారి పార్కింగ్‌లోకి వస్తున్నాయి. మూడో అంతస్తు వాళ్లు ఫోన్ చేస్తున్నారు. జేబులో అది మోగి ఆగింది, మళ్లీ మోగింది. అండాలమ్మ చెయ్యి కంచం దాకా వచ్చి, అన్నాన్ని తాకి, ఆగింది.

మట్టయ్య మోటరు ఆపడానికి లేవలేదు.